ఫోటోలో అమ్మేదీ?

ఆడవాళ్ళకి ఫోటోల పిచ్చి ముదిరిపోయిందని ఇంటింటా ఒక మగ గొంతు వినిపిస్తోంది. చీరల పిచ్చి అయింది, నగల పిచ్చి అయింది, సీరియళ్ళ పిచ్చి అయింది, ఇప్పుడిది. పండగొస్తే ఫోటో, పుట్టినరోజొస్తే ఫోటో, ఏమీ రాకపోతే తోచడం లేదని ఫోటో. పైగా ఇంట్లో దిగితే చాలదట. స్టూడియోలో దిగినా చాలదట. పట్నం పోయి, కోటల ముందూ చెరువుగట్ల మీదా పూలచెట్ల కిందా ఇంటిల్లిపాదీ ఒకే రంగు బట్టలు కట్టుకుని దిగాలట! ఎంత ఖర్చు, ఎంత ఆర్భాటం అని ఆ గొంతు వాపోతుంది. వాపోయే పెద్దమనిషి ఫోనులో ఆయనగారి సొంత బొమ్మలు ఎన్నున్నాయో లెక్కపెట్టినవాళ్ళు లేరు.

ఈ వెక్కిరింతలో మా రచయితలు కూడా ఓ చెయ్యి వేశారు. ఫోటో దిగే ఆడదాని మీద కార్టూను వెయ్యడం తేలిక, కథ రాయడం ఇంకా తేలిక. అనుభవించడం మానేసి ఫోటోలు తీసుకుంటున్నారని వేదాంతం ఒకటి. సరే, ఆ వేదాంతం చెప్పేవారి ఇంటికి వెళ్ళి గోడకేసి చూడండి. తాతగారు కుర్చీలో నిండుగా కూర్చుని, కోటూ తలపాగాతో, చేతికర్ర పట్టుకుని ఉంటారు. ఆయన పక్కన మామ్మగారు ఉంటారా? ఉంటారు. ఎవరిదో పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటోలోంచి కత్తిరించి, పెద్దది చేయించిన మామ్మగారు. మొహం కాస్త మసక. భుజం మీద ఎవరివో నాలుగు వేళ్ళు.

ఆ నాలుగు వేళ్ళ సంగతే నేను మాట్లాడదలచుకున్నది.

కుటుంబమంతా ఒక పూట పని మానుకుని, ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని, ఒక మంచి చోట నిలబడి ఫోటో దిగడం పిచ్చీ కాదు, దుబారా కాదు. అవసరం. ఆడవాళ్ళకి మరీ అవసరం. నా దెబ్బలాట ఫోటోతో కాదు, దానికి మనం వేసే పథకంతో. నెల్లాళ్ళ ముందు నుంచీ ఏర్పాట్లన్నీ చేసేది అమ్మ. తీరా ఫోటో వచ్చాక చూస్తే అందులో అమ్మ ఉండదు. ఉన్నా ఓ చివర ఉంటుంది. ఇదెక్కడి న్యాయం?

గాలిలో మాట్లాడ్డం ఎందుకు, హత్నూర సంగతి చెబుతాను. ఇప్పుడది సంగారెడ్డి జిల్లాలో మండలం. 2016 అక్టోబరు దాకా మెదక్ జిల్లా. గుండ్లమాచునూరు, బోర్‌పట్ల వైపు మందుల ఫ్యాక్టరీలు వచ్చాక ఆ చుట్టుపక్కల ఇళ్ళకి గడియారం మారిపోయింది. పొద్దు పొడవడం, పొద్దు గూకడం కాదు, ఫస్టు షిఫ్టు, సెకండు షిఫ్టు, నైటు. ఆ ఇళ్ళలో మగాడికి నిటారుగా నిలబడి, తల దువ్వుకుని దిగిన ఫోటో ఏదైనా ఉందంటే అది ఫ్యాక్టరీ గేటు పాసు మీదిది. ఆడదానికి ఉన్నది ఆధార్ కార్డు మీదిది. ఆధార్ ఫోటో ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? నేరం చేసి దొరికిపోయిన మొహంలా ఉంటుంది. రాష్ట్రపతికైనా అలాగే ఉంటుందని నా అనుమానం.

అక్కడ ఒకావిడ ఉంది. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. పేరు రాస్తే ఒప్పుకోదు. రెండేళ్ళ క్రితం వాళ్ళ గల్లీలో ఒక ముసలావిడ పోయింది. పెద్దకర్మకి ఫ్లెక్సీ కట్టాలి గదా, ఫోటో కావాలి. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, ఎదిగిన మనవలు, ఇంటినిండా ఫోన్లు. వెతికారు. వేలకొద్దీ ఫోటోలున్నాయి. కేకులు కోస్తున్న పిల్లలు, కొత్త మోటార్‌సైకిలు, కొత్త ఫ్రిజ్జు, దసరా నాటి మేక. ఆవిడ ఏ ఫోటోలో ఉన్నా వీపు తిప్పుకుని ఉంది. లేకపోతే ఒక చెయ్యీ పళ్ళెమూ కనిపిస్తున్నాయి. పిల్లాణ్ణి ఎత్తుకున్నదొకటి దొరికింది, పిల్లాడి తల ఆవిడ మొహానికి అడ్డం. చివరికి ఆధార్ కార్డే గతి అయింది. ఫ్లెక్సీ కొట్టు కుర్రాడు ఆ మొహాన్ని తీసి, తన కంప్యూటరులో ముందే సిద్ధంగా ఉన్న పట్టుచీర ఒంటికి అతికించాడు. జీవితంలో ఎన్నడూ కట్టని ఎర్రంచు కంచి పట్టుచీర, ఎన్నడూ పెట్టని కాసుల పేరు, ఎవరిదో గుండ్రటి మెడ. ఆ ఫ్లెక్సీకి దణ్ణం పెట్టి వచ్చినవాళ్ళు భోంచేసి వెళ్ళారు.

జాకెట్లు కుట్టే ఆవిడ నాకు ఫోను చేసి చెప్పిందిలా. "అక్కా, ఆ ముసలమ్మ నాకు పదేండ్లసంది ఎరుకనే. ఆ మెడ ఆమెది కాదు. మెడ కొలత నాకు తెల్వదా? మా అత్తమ్మకన్న ఒక్క ఫోటో మంచిగ తీపియ్యాలె. పట్నం పోయి, అందరం కల్సి."

పట్నమే ఎందుకు? ఇక్కడ రెండో రకం వేదాంతులు బయల్దేరతారు. వీళ్ళు చదువుకున్నవాళ్ళు. మీ ఊళ్ళో ప్రకృతి లేదా అమ్మా అంటారు. నర్సాపూరు అడవి ఉంది, మంజీర ఉంది, సింగూరు ఉంది, పచ్చటి పొలాలున్నాయి, ఆ రాళ్ళకోటల ముందు నిలబడి ఏం బావుకుంటారని. వినడానికి బాగానే ఉంటుంది. కాని శని ఆదివారాల్లో పటాన్‌చెరు దగ్గర రోడ్డు పక్కన కాసేపు నిలబడండి. పట్నం నుంచి పెళ్ళి కాబోయే జంటలు కెమెరాలేసుకుని, సహజ సౌందర్యం కోసం అడవివైపు వస్తుంటాయి. అటునుంచి ఫ్యాక్టరీల ఊళ్ళ జనం పట్నంలో రాతి కట్టడాల కోసం పోతుంటారు. ఎదురెదురుగా పోయే ఈ ఇద్దరిలో మొదటివాళ్ళది అభిరుచి, రెండోవాళ్ళది పిచ్చి! మీ ఊరు మీకు చాలు అని చెప్పేవాడు ఎప్పుడూ ఆ ఊరివాడు కాడు.

పైగా ఏ ఊరి ప్రకృతి? పటాన్‌చెరు పారిశ్రామికవాడల నుంచి నక్కవాగు మంజీరలోకి ఏమి మోసుకుపోయిందో 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన వ్యాజ్యం. ఫోటోకి వాసన పట్టదు కాబట్టి సరిపోయింది. ఆవిడే అంది, "మా డాబ ఎక్కి ఎటు నిలబడ్డ వెనుక పొగగొట్టం పడతది అక్కా. రోజు చూసేదే గద, ఫోటోల గూడ అదేనా?" దీనికి జవాబు చెప్పగల వేదాంతి ఉంటే చెప్పమనండి.

సరే, పట్నమే. ఇక పథకం. ఎనిమిది మంది మనుషులు. ఆవిడ, భర్త, ఇద్దరు పిల్లలు, మరిది, తోటికోడలు, వాళ్ళ చంటిపిల్ల, అత్తగారు. అన్నదమ్ములు వేర్వేరు ఫ్యాక్టరీలు, వేర్వేరు షిఫ్టులు, వేర్వేరు వారపు సెలవులు. ఇద్దరికీ ఒకే రోజు ఖాళీ కుదరడం గ్రహణం పట్టడం లాంటిది. పిల్లలకి పరీక్షలుండకూడదు, ముహూర్తాలుండకూడదు, వాన పడకూడదు. ఆవిడ మొదట చౌమహల్లా పాలెస్ అనుకుంది. తీరా చూస్తే మరిదికి సెలవు దొరికేది శుక్రవారం, చౌమహల్లా మూసి ఉండేదీ శుక్రవారమే. ఈ లెక్కలన్నీ వేసింది ఎవరు? ఆ ఇంట్లో ఇద్దరు మగాళ్ళూ ఫ్యాక్టరీలో యంత్రాల లెక్కలు చూస్తారు. ఇంట్లో లెక్క మాత్రం జాకెట్లు కుట్టే ఆవిడదే, పాత క్యాలెండరు వెనకవైపు పెన్సిలుతో.

తరవాతది వెలుతురు. ఫోటో బాగుండాలంటే ఎండ ఏటవాలుగా పడాలని ఫోటోగ్రాఫర్లందరూ చెబుతారు, నిజమే. నడినెత్తిన సూర్యుడుంటే కనుగుంటల్లో నల్లటి నీడలు పడి ప్రతి మొహమూ నెల జబ్బుపడి లేచినట్టుంటుంది. అందుకని పొద్దున్నే వచ్చెయ్యండి మేడమ్, ఆరున్నరకి అన్నాడట ఫోటోగ్రాఫరు. హత్నూర నుంచి సంగారెడ్డి వచ్చి, ముత్తంగి దగ్గర రింగురోడ్డెక్కి, ఆరున్నరకల్లా పట్నంలో ఉండాలంటే ఆ ఇంటి ఆడది ఎన్నింటికి లేవాలి? రెండున్నరకి. లేచి టిఫిన్లు కట్టి, పిల్లలకి స్నానాలు పోసి, అత్తగారి కాళ్ళకి మందు రాసి, అందరి ఇస్త్రీ బట్టలూ సర్ది, అప్పుడు తను చీర కట్టుకోవాలి. ఆ తరవాత ఫోటోగ్రాఫరు అంటాడు, కొంచెం ఫ్రెష్‌గా నవ్వండి మేడమ్ అని!

ఇంతాచేసి ఆ పొద్దుటి వెలుతురు పనికొచ్చేది చెరువుగట్ల దగ్గరే. కోటలకీ సమాధులకీ టిక్కెట్టు కిటికీ తెరిచేసరికి ఎండెక్కుతుంది. సాయంత్రం పోదామంటే చలికాలంలో సూర్యుడు తొందరపడతాడు. డిసెంబరు మొదట్లో హైదరాబాదులో అయిదూ నలభైకే దిగిపోతాడు, ఈల వేసి జనాన్ని బయటికి పంపేదీ ఆ వేళకే. కాబట్టి మిగిలేది మధ్యాహ్నం మూడున్నర నుంచి అయిదు. ఈ గంటన్నర కోసం ఇంత ప్రయాణం. ఫోటో షూట్ల గురించి వీడియోల్లో గంటలకొద్దీ చెప్పేవాళ్ళు బట్టల రంగులు చెబుతారు, భంగిమలు చెబుతారు, ఈ గంటన్నర లెక్క ఒక్కరూ చెప్పరు. ఎందుకంటే వాళ్ళ లెక్కలో కుటుంబమంటే కారు దిగి నిలబడేవాళ్ళు. వంట చేసుకుని బయల్దేరేవాళ్ళు కాదు.

ఇంకో మాట. చలికాలపు సాయంత్రం దొరక్కపోతే భయమేమీ లేదు. మంచి నీడ దొరికితే చాలు. పెద్ద చెట్టు కిందో, ఎత్తైన గోడ నీడలోనో, ఎదురుగా ఆకాశం వెలుగు మొహం మీద పడేలా నిలబడితే నడిమధ్యాహ్నం కూడా ఫోటో చక్కగా వస్తుంది. ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు మచ్చలుగా పడే చోటు మాత్రం వద్దు. ఇది ఫోటోగ్రాఫర్లకి తెలియనిది కాదు. చెప్పరంతే.

ఇక బట్టలు. ఇంటిల్లిపాదీ ఒకే రంగు అన్న నియమం ఎవడు పెట్టాడో గాని వాడికి ఏదో ఒక బట్టల కొట్టుతో పొత్తు ఉండి ఉండాలి. ఎనిమిది మందికి ఒకే లావెండర్ రంగు! డెబ్భై దాటిన ముసలమ్మకి కూడా లావెండర్ చీర! పెళ్ళివారి బ్యాండుమేళంలా ఉంటారు. ఈ విషయంలో మా హత్నూర ఆవిడ చెప్పిన మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. "అక్కా, మస్తు మెరిసే పసుపుపచ్చ జాకెట్టు తొడుగుతె గదువ కింద పచ్చగ కొడతది. మొకం కామెర్లోళ్ళ లెక్క అయితది. నేను అద్దం ముంగట చూస్త గద రోజు." అక్షరాలా నిజం. బట్ట మీది రంగు వెలుతురుతో పాటు మొహానికి ఎక్కుతుంది. జరీ ఎక్కువైతే ఎండలో తెల్లటి మరకలా కొట్టేస్తుంది. అంచేత ముదురు రంగులు, నూలు, ఎవరి రంగు వాళ్ళది. అత్తగారు రోజూ కట్టే ముతక నూలు చీరలోనే ఒక కొత్తది. అంతే చాలు. ఆ చీరలో ఆవిడ ఆవిడలా ఉంటుంది.

ఆవిడలా ఉండడమే గదా కావలసింది! తీసిన తరవాత కంప్యూటరులో దిద్దే కుర్రాళ్ళున్నారు చూశారూ, వాళ్ళ మీద నాకు అసలు కోపం. మొహం నున్నగా చేస్తారు, తెల్లగా చేస్తారు. ఎవరడిగారు? తరతరాలుగా ఎండలో నాట్లు వేసిన చామనచాయ ఒక్క మీటతో ఎగిరిపోతుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో అవ్వ ముంజేతి మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు ఉండేది, తమ్ముడి పేరు. తమ్ముడు బాల్యంలోనే పోయాడు. స్టూడియో కుర్రాడు అది మచ్చ అనుకుని శుభ్రంగా తుడిచేశాడు. అవ్వ ఆ ఫోటో చూసి, చెయ్యి నాది కాదు అని ఒక్కమాట అని పక్కన పెట్టేసింది. డబ్బు తీసుకుని మనిషిని మాయం చెయ్యడానికి ఏ శిక్షాస్మృతిలోనూ సెక్షను లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. అమ్మ ఎక్కడ నిలబడాలి?

గ్రూపు ఫోటోలో అమ్మ స్థానం చివర. అందరినీ నిలబెట్టి, చంటిపిల్ల టోపీ సర్ది, పెద్దాడి కాలరు సర్ది, సంచీ పక్కన పెట్టి, పరిగెత్తుకొచ్చి మిగిలిన సందులో దూరుతుంది. ఆ సందు ఎప్పుడూ చివరే ఉంటుంది. ఫోను కెమెరా అద్దానికి ఒక గుణముంది. దగ్గర్నించి ఎక్కువమంది పట్టేలా తీసినప్పుడు అంచుల్లో ఉన్నవాళ్ళని పక్కలకి సాగదీస్తుంది. నట్టనడుమ నిలబడ్డ అయ్యగారు ఉన్నట్టే ఉంటారు, చివరనున్న అమ్మ ఒకటిన్నర మనిషి అవుతుంది. అందరూ ఫోటో చూసి అమ్మ బాగా ఒళ్ళు చేసిందంటారు. అమ్మ కూడా నమ్మేసి, మరుసటిసారి నేను తీస్తాలెండి, మీరు నిలబడండి అంటుంది. దాంతో అసలే ఉండదు. అద్దం చేసిన తప్పుకి ఒక మనిషి కుటుంబ చరిత్రలోంచి తప్పుకుంది!

ఇదేం కొత్త సంగతి కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో, అమెరికాలో పసిపిల్లల ఫోటోలు తీసేటప్పుడు, ఆ కాలపు కెమెరాకి పిల్ల చాలాసేపు కదలకుండా ఉండాలి కాబట్టి తల్లిని వెనక కూర్చోబెట్టి ఆవిడ మీద దుప్పటి కప్పేవారు. పిల్ల ఫోటోలో పడుతుంది. పిల్లని పట్టుకున్న తల్లి కుర్చీ అనుకుంటారు చూసేవాళ్ళు. అలాంటి ఫోటోలు ఇప్పటికీ కొన్ని మిగిలి ఉన్నాయి. నేను చూశాను, నవ్వు రాలేదు. మన దేశంలో మొదటి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫరుగా పేరుపొందిన హోమాయ్ వ్యారావాలా తీసిన తొలి ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. ఆవిడకి పద్మవిభూషణ్ 2011లో వచ్చింది, తొంభై ఏడేళ్ళ వయసులో. మరుసటి ఏడే పోయింది. కెమెరా ముందున్నా వెనకున్నా దుప్పటి మాత్రం తప్పలేదన్నమాట.

కాబట్టి పథకం తిరగెయ్యాలంటున్నాను. మొదట అత్తగారినీ అమ్మనీ నడుమ కూర్చోబెట్టండి. తక్కినవాళ్ళు వాళ్ళ చుట్టూ సర్దుకోనివ్వండి. మగాళ్ళు అంచుకి పోనివ్వండి, కాస్త ఒళ్ళు చేస్తే వాళ్ళకేం నష్టం లేదు, హోదా అనుకుంటారు. కెమెరా పది పన్నెండు అడుగులు వెనక్కి జరిగితే ఎవరూ సాగరు కూడా. పిల్లలు అలిసిపోయి ఏడుపు మొదలెట్టక ముందే, మొట్టమొదటి పావుగంటలోనే, పెద్దావిడని ఒక్కదాన్నీ విడిగా కూర్చోబెట్టి ఒకటి తియ్యమనండి. ముక్కుపుడకా పచ్చబొట్టూ అన్నీ కనిపించేలా. ఆ తరవాత అమ్మని ఒక్కదాన్నీ. సంచీ లేకుండా, చంకలో పిల్ల లేకుండా, చేతిలో పళ్ళెం లేకుండా. ఇదేమిటి ఒక్కదానివే అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఫోటోగ్రాఫరు వచ్చీరాగానే మొగుడూ పెళ్ళాలని చెట్టు చుట్టూ తిప్పి, కొంగు గాలిలోకి ఎగరేయించి సినిమా తీయబోతాడు. ఆ ముచ్చట ఉన్నవాళ్ళు చివర్న తీర్చుకోవచ్చు, వెలుతురు మిగిలితే.

నా కోపం ఇళ్ళ మీదే కాదు, పట్నం మీద కూడా. దిగడానికి పట్నం ఎన్నో చోట్లు ఇచ్చింది, కాదనను. 1992లో హుస్సేన్‌సాగర్ నడుమ బుద్ధుడు నిలిచాడు, అప్పటినుంచీ ఎందరి భుజాల మీదో బొటనవేలంత బుద్ధుడు పడుతూనే ఉన్నాడు. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది, జనం బళ్ళాపి ఫోటోలకి ఎగబడితే పోలీసులు తరమాల్సి వచ్చింది. లవ్ హైదరాబాద్ అని మనిషెత్తు అక్షరాలు కూడా నిలబెట్టారు, ముందు నిలబడి దిగమని. అన్నీ బాగున్నాయి. వీటిపక్కన ఆడది చీర మార్చుకోవడానికి నాలుగు గోడలు ఏవీ? డెబ్భై ఏళ్ళ మనిషి ఆనుకుని కూర్చునే బల్ల ఏదీ? చంటిపిల్లకి పాలిచ్చే మూల ఏదీ? మరుగుదొడ్డి ఉన్నచోట నీళ్ళుండవు, నీళ్ళున్నచోట తాళం ఉంటుంది. అందుకే ఆడవాళ్ళు ఇంటి దగ్గరే చీర కట్టుకుని, దారంతా నలక్కుండా శిలావిగ్రహాల్లా కూర్చుని, మంచినీళ్ళు తాగడం మానేసి వస్తారు. దాహంతో ఎండిన పెదాలతో నవ్వుతారు. ఆ నవ్వు సహజంగా లేదని మళ్ళీ మనమే అంటాం.

ఇదే హైదరాబాదులో 1892లో ఆడవాళ్ళ కోసమే ఒక ఫోటో స్టూడియో ఉండేదంటే నమ్ముతారా? ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ పెట్టించాడు. నడిపింది ఒక ఇంగ్లీషావిడ. చుట్టూ ఎత్తైన గోడలు, లోపలికి మగపురుగు రాకూడదు. అవి ఘోషా కోసం కట్టిన గోడలు, గొప్పింటి ఆడవాళ్ళ కోసం కట్టినవి, మళ్ళీ కట్టమని నేనడగను. కాని ఫోటో దిగే ఆడదానికి కాస్త చాటు, కాస్త నెమ్మది, కూర్చునే చోటు కావాలని నూట ముప్ఫై ఏళ్ళ క్రితం ఒక వ్యాపారస్తుడికి తోచింది గదా! ఇవాళ పార్కులు కట్టేవాళ్ళకి ఎందుకు తోచదు?

పురావస్తుశాఖ కాపలాలో ఉన్న కట్టడాల్లో కెమెరా కింద మూడుకాళ్ళ స్టాండు పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇది తెలియక గోల్కొండలో ఎందరి ఫోటోగ్రాఫర్లో గార్డులతో గొడవపడుతుంటారు, కుటుంబం ఎండలో నిలబడి చూస్తుంటుంది. సినిమావాళ్ళకి నిబంధన ఉండాల్సిందే. ముసలమ్మని ఫోటో తీసుకోవడానికి వచ్చిన ఎనిమిది మందికి కూడా అదే ఈల వెయ్యాలా? మీరు ఫోటోగ్రాఫర్ని మాట్లాడుకునే ముందు ఇది అడగండి, స్టాండు లేకుండా చేత్తో పట్టుకుని తీస్తావా నాయనా అని. ముందు అడిగితే అయిదు నిమిషాల పని.

ఖర్చు సంగతి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. హత్నూర ఆవిడ మొదట వేసిన లెక్క అదే. అత్తగారూ, తనూ, తోటికోడలూ ఉచితం, మగాళ్ళకే టిక్కెట్లు. జీవితంలో మొదటిసారి మొగుడికంటే తక్కువ ఖర్చు మనిషినయ్యానని నవ్వింది. తరవాత అత్తగారి మోకాళ్ళు గుర్తొచ్చి కిరాయి కారుకి మారింది. జాకెట్ల డబ్బు మూడు నెలలుగా దాస్తోంది. భర్త ఇంకా సణుగుతూనే ఉన్నాడు. "ఫోన్ల గన్ని ఫోటోలుండగ మళ్ళ పైసలు పెట్టి ఫోటోలేంది? రాళ్ళ ముంగట నిలబడ్తె నవాబులమైతమా?" అంటాడట. నవాబులు కానక్కరలేదయ్యా. మీ అమ్మ మీ అమ్మలా ఉంటే చాలు.

ఫోన్లో ఉన్నాయన్న మాట ఇంకోటి. ఫోన్లో ఉన్నది ఫోనున్నంత కాలమే. నీళ్ళలో పడిందా, బస్సులో పోయిందా, పిల్లాడు ఆటల కోసం జాగా లేదని చెరిపేశాడా, అయిపోయింది. అందుకని కాగితం మీద అచ్చు వేయించుకోవాలి. వెనక పెన్సిలుతో పేరూ, ఊరూ, తారీఖూ రాయాలి. పేరంటే ఫలానావారి అమ్మ, ఫలానావారి భార్య అని కాదు, ఆవిడ పేరు.

చివరికి చౌమహల్లా కాదు, గోల్కొండ కాదు, ఏడు సమాధులు ఖాయం చేసుకున్నారు. గోల్కొండలో మెట్లెక్కువ, ఇక్కడ తోట చదునుగా ఉంటుంది, చెట్ల నీడా ఉంటుంది. 2013లో ఆగాఖాన్ ట్రస్టు పూనుకున్నాక ఆ చోటు రూపే మారిపోయింది. నేను సూచించింది హయాత్ బక్షీ బేగం సమాధి దగ్గర. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, మహమ్మద్ కుతుబ్‌షా భార్య, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. ముగ్గురు సుల్తానులకి ఏదో ఒకటి అయిన మనిషి, 1667లో పోయింది. విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్ ఆవిడ పేరే. అంత పెద్ద సమాధి ముందు రోజూ జనం ఫోటోలు దిగి వెళుతుంటారు. ఎవరిదో సుల్తానుదనుకుంటారు.

డిసెంబరు రెండో ఆదివారం అనుకున్నారు గాని మరిదికి ఆ వారం డ్యూటీ చార్టు ఇంకా వెయ్యలేదు. అత్తగారి నూలు చీర మాత్రం ఉతికి, గంజి పెట్టి, మడత పెట్టి ఉంది. అక్కడ పెద్దావిడ కూర్చోవడానికి ఏముంటుందో ఏమోనని ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కారు మీద కట్టుకుని పోదామా అక్కా అని నిన్న ఫోనులో అడిగింది. కట్టుకోమన్నాను.